తూర్పు గది కుంగుతోంది

మస్కట్

అన్నయ్యకు నీ చెల్లి నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. అమ్మ మోకాళ్ళు, వదిన దగ్గు, నీ రొయ్యల చెరువు ఎలా ఉన్నాయి? ఇక్కడ ఎండలు మాడ్చేస్తున్నాయి. మొన్న శుక్రవారం ఒక్కదాన్నే పప్పు వండుకుని తింటుంటే ఏడుపొచ్చింది. అయినా బాగానే ఉన్నాను, బెంగపడొద్దని అమ్మతో చెప్పు.

ఇల్లు దిగుతోందని ఫోన్లో చెబితే "ఆకాశంలో తిరిగేదానికి మన గుమ్మం సంగతేం తెలుస్తాదే" అని నవ్వి పెట్టేశావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మా ఆఫీసులో నా పని ఉపగ్రహం పంపే రాడార్ బొమ్మలు పోల్చి చూడడం. అది మామూలు కెమెరా కాదు. తరంగాలు కిందికి పంపి, తిరిగొచ్చినవి పట్టుకుంటుంది. మబ్బున్నా చీకటైనా దానికి అడ్డం లేదు. ఇళ్ళు తెల్లగా మెరుస్తాయి, నీళ్ళు నల్లగా ఉంటాయి. పన్నెండు రోజులకోసారి అదే దారిన వస్తుంది. నేల గోరంత దిగినా తెలిసిపోతుంది.

సరదాకి మన ఐ.పోలవరం వైపు బొమ్మ తీశాను. ఏటిగట్టు పక్కన మన ఇల్లు దొరికితే ఎంత ముచ్చటేసిందో! తర్వాత ఆరు నెలల బొమ్మలు వరుసగా పెట్టాను. చుట్టుపక్కల ఇళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. మనదొక్కటే దిగుతోంది, ఎక్కువగా అమ్మ పడుకునే తూర్పు గది. దిగినంత మేరా రంగు వేసి చూస్తే, ఇల్లు కట్టడానికి మనం పూడ్చేసిన పాత రొయ్యల చెరువు నాలుగు మూలలతో సహా కనపడింది. రెండుసార్లు సరిచూసుకున్నాను అన్నయ్యా. దాన్ని పూడ్చి ఎన్నేళ్ళయిందని!

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "ఆయ్, బాగానే ఉన్నామమ్మా. తలుపొక్కటే పట్టేస్తంది. వడ్రంగి గారొచ్చేరు, చెక్క నీరు తాగిందండీ అని మళ్ళీ చిత్రిక పట్టేరు" అంది. ఎన్నోసారని అడిగితే మూడోసారంది. ఉప్పుగాలికి చెక్క ఉబ్బడం మనకి అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తలుపు ఉబ్బడం లేదు. గుమ్మం ఒరుగుతోంది. మీరేమో దానికి సరిపడా తలుపు చెక్కించుకుంటున్నారు. నాకు భయంగా ఉంది.

నీకు దణ్ణం పెడతాను, వానలు ముదరకముందే అందరూ ముమ్మిడివరం మేనత్త గారింటికి మారిపోండి. నేను బెంగపెట్టుకుంటానని మారకపోయినా మారామనే చెబుతారు. అందుకని ఆవిడ పెరట్లో ఖాళీ చోట మూడు ఇనుపరేకులు గది మూలలా కలిపి, పడమటి ఆకాశం వైపు తెరిచి పెట్టు. తరంగాలు అందులో పడి తిన్నగా వెనక్కొస్తాయి, మీరు చేరారని గుర్తుగా నాకు తెల్లచుక్క కనిపిస్తుంది.

అత్తకీ అమ్మకీ నా దణ్ణాలు. వదినని అడిగానని చెప్పు. ఎండురొయ్యలు ఇప్పుడేం పంపొద్దు.

ఒక్కమాట. అమ్మ మొండికేసిందని రేకులు మాత్రం అక్కడ పెట్టేసి మీరు ఆ ఇంట్లోనే ఉండిపోకండి. ఇల్లు దిగడం నాకు ఇక్కడికి కనిపిస్తుంది. లోపల మనుషులున్నారో లేదో కనిపించదు.

నీ దీవెన కోరే
చెల్లి సుజాత