బానెట్ మీది రంగు

మార్చి 4, మంగళవారం

షాపు నడిపే తిరుమల్ అన్న మళ్లీ పాలిష్ మెషీన్ నా చేతికిచ్చాడు. పోయినేడాది ఆ మెషీన్‌తోనే ఓ నల్ల కారు డోర్ మీద క్లియర్ కోట్, అంటే రంగు పైనుండే పారదర్శక పొర, కాల్చేశాను. అప్పట్నుంచి కార్లకు మెరుగుపెట్టే ఈ రాంగోపాల్‌పేట్ షాపులో కడగడం, తుడవడమే నా పని. "జెర ధైర్యం చెయ్ నవతా, ఎన్ని దినాలు బకెట్ పట్టుకొని తిరుగుతవ్" అన్నాడు.

కారు జెరెమియా గారిది. రిటైర్డ్ లెక్కల టీచర్. ఎర్ర హ్యాచ్‌బ్యాక్, పన్నెండేళ్లది. పెయింట్‌ను కాపాడే గట్టి పూత, సిరామిక్ కోటింగ్ కావాలట. అంతా కంపెనీ పెయింటే, ఎక్కడా టచప్ లేదని రెండుసార్లు చెప్పారు.

మార్చి 5

కడిగాను. పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే క్లే ముద్ద రుద్దాను. అరచేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు. కోటింగ్ వేశాక కింద ఏ గీత ఉంటే అది అలాగే ఉండిపోతుంది. అందుకే ముందు పాలిష్. రేపే.

అన్నం సగమే తిన్నాను.

మార్చి 6, ఉదయం 11:20

బానెట్ మీద తిప్పుతుంటే మెషీన్ ప్యాడ్ ఎర్రగా అయింది.

మార్చి 6, సాయంత్రం

క్లియర్ కోట్ ఉన్న కారుకు ప్యాడ్ మీద రంగు రాకూడదు. వచ్చిందంటే పైపొర పోయినట్టే. మెషీన్ ఆపేశాను. తిరుమల్ అన్న తార్నాకలో ఇంకో కారు దగ్గర ఉన్నాడు. పెయింట్ మందం కొలిచే మీటర్ కూడా ఆయన దగ్గరే. ప్యాడ్ ఉతికేసి, కోటింగ్ కొట్టేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని రాయను. వచ్చింది. నల్లా దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత జెరెమియా గారికి ఫోన్ చేసి, బానెట్ పాడుచేశాననుకుంటున్నా, ఒకసారి రండి సార్ అన్నాను.

ఆయనా, భార్య డోరా ఆంటీ ఆటోలో వచ్చారు. ప్యాడ్ చూపించాను. ఆయన నోరు తెరవకముందే ఆంటీ "ఆ పిల్లనేమీ అనకండి" అన్నారు. ఎనిమిదేళ్ల కిందట ఆయన విజయవాడ ట్రైనింగ్‌కు వెళ్లినప్పుడు, ఆమె కారు నేర్చుకుంటూ చర్చి గేటుకు గుద్దారట. ఆయన తిరిగొచ్చేలోపు పద్మారావు నగర్‌లో ఓ పెయింటర్‌తో బానెట్‌కు రంగు వేయించారట. మళ్లీ స్టీరింగ్ ముట్టలేదట.

అప్పుడే తిరుమల్ అన్న వచ్చి మీటర్ పెట్టాడు. రూఫ్ 110 మైక్రాన్లు. బానెట్ 260, అంటే పాత రంగు మీద ఇంకో రంగు. "నువ్వేం కాల్చలే. ఆ పెయింటర్ క్లియర్ కోటే కొట్టలే, ఉత్త రంగే కొట్టిండు. గిట్లాంటిదానికి ప్యాడ్ ఎర్రగనే అయితది. పరేషాన్ గాకు" అన్నాడు.

బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

జెరెమియా గారు "అప్పుడు నీకేమైనా దెబ్బ తగిలిందా?" అని ఆంటీని అడిగారు. మోకాలికి అన్నారామె. "బాత్రూంలో జారిపడ్డానన్నావు కదే" అన్నారాయన. కోపంగా కాదు.

మార్చి 8

పాలిష్ మొత్తం నేనే పూర్తి చేశాను. నూనె జిడ్డు లేకుండా తుడిచి, కోటింగ్ వేశాను.

మార్చి 10

జెరెమియా గారి ఫోన్. మీ ఆంటీ మోకాలికి మంచి డాక్టర్ ఎవరైనా తెలుసా అమ్మా అని. కారు ఊసే ఎత్తలేదు.