వాలిన తలకట్టు

భీమవరం, మంగళవారం.

నా గురువును నేనెన్నడూ చూడలేదు. ఆయన పేరుమోసిన చిత్రకారుడు. ఒక వారపత్రిక అట్ట మీద ఆయన రాసిన ఆ పత్రిక పేరును దిద్దుకుంటూ బోర్డులు రాయడం నేర్చుకున్నాను. అందులో ఒక తలకట్టు ఎడమకు వాలి ఉండేది. విద్యంతా ఆ వాలులోనే ఉందనుకుని, ముప్పై ఏళ్లుగా ఊళ్లోని ఐసు ఫ్యాక్టరీలన్నిటికీ తలకట్లు వాల్చాను. తన బోర్డు చదివి రోగులకు మెడ పట్టేస్తోందని ఒక డాక్టరుగారన్నారు, అదో కథ.

ఇవాళ ఆ పత్రికను అచ్చేసిన ముసలాయన రాజమండ్రి నుంచి వచ్చి, నా బోర్డు చూసి, ఆ వాలు ఎవరిని చూసి నేర్చానో విని నవ్వాడు.

"అది ఆయన గీత కాదండీ బాబూ! అచ్చు బ్లాకు కిందపడి వంగిపోయిందండి. మార్చమని ఆయన గోలపెట్టినా మా ఓనరు వింటేనా?"

రేపు కాలేజీ బోర్డు రాయాలి. అక్షరాలు కంప్యూటర్లోలా నిటారుగా ఉండాలన్నారు. సాయంత్రం పలక మీద పది తలకట్లు పెట్టి చూశాను. పదీ ఎడమకే వాలాయి.