దిష్టిచుక్క

అన్నా,

నువ్వు పోయాక మొదటిసారి నీ పాత స్పోర్ట్స్ కారును ఖానాపురం హవేలిలోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. హీటర్ ఆపినా కాళ్ల మీదికి వేడిగాలి కొడుతోంది. డ్యాష్‌బోర్డు విప్పితే, లోపల గాలిని ఆపే రేకులకు అంటించిన ఫోమ్ ముట్టుకోగానే నల్లపొడి అయిపోయింది.

మనం పినపాక దారిలో వెళ్తుంటే ఆ పొడి నలుసు గాలితో ఎగిరొచ్చి నా చెంపకు అంటుకున్నప్పుడల్లా, "కారు నీకు దిష్టిచుక్క పెట్టింది చెల్లె, తుడవకు" అనేవాడివి. నేను విసుక్కుని చున్నీతో తుడిచేసేదాన్ని.

మెకానిక్ అంతా గీకి, కొత్త ఫోమ్ అంటించి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టాడు. "ఇగ ఒక్క నలుసు గూడ రాదక్కా" అన్నాడు.

అద్దంలో చూసుకున్నాను. చెంప శుభ్రంగా ఉంది.

"గీకిన పొడి ఏది?" అని అడిగాను.

"ఊడ్చి పారేసిన. ఎందుకక్కా?"

ఏం చెప్పమంటావన్నా?