అక్క చూడమన్న స్లైడ్

జులై 8
కొత్తమ్మాయి భానుప్రియ చేరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ అంటే ఇన్నేళ్లూ నేనే. ఇప్పుడు పక్క స్టూల్ మీద ఆమె. కొత్తగా తెరిచే ఎల్బీ నగర్ బ్రాంచ్‌కి ఇన్‌ఛార్జ్ ఎవరో మా ల్యాబ్ ఓనర్ సాంబమూర్తి డాక్టర్ గారు ఇంకా ఆలోచిస్తున్నారట. మొన్నటిదాకా ఆలోచించే పనే లేదు, నేనే.

జులై 11
జ్వరమొచ్చినవాళ్ల రక్తం స్లైడ్ ప్రతిదానికీ భానుప్రియ ఆయిల్ చుక్క వేస్తుంది. వంద రెట్లు పెద్దగా చూపే హండ్రెడ్ లెన్స్ అందులో తగిలేదాకా దించి, చూస్తూ కూర్చుంటుంది. ఇదేమన్నా పోపా? నేనైతే ఫార్టీ లెన్స్‌తో ఓ చూపు చూసి నెగెటివ్ రాసేస్తాను. ఆయిల్ వేస్తే మళ్లీ లెన్స్ తుడవాలి. బయటేమో పేషెంట్ల తొందర. అదే చెప్తే, ఆయిల్ లేకుంటే మలేరియా పురుగు ఎట్ల కనపడ్తదక్కా అంది. నాకే పాఠం.

జులై 16
ఆమె స్లైడ్ ఎంత క్లియర్‌గా ఉందో అన్నారు డాక్టర్ గారు. అన్నం సయించలేదు.

జులై 19, సాయంత్రం
కర్మన్‌ఘాట్ ఆటో డ్రైవర్ దశరథకు చలిజ్వరం. పొద్దున నేనే నెగెటివ్ రాశాను, ఫార్టీతోనే చూసి. సాయంత్రం ఆయన భార్య సుమిత్రమ్మ మళ్లీ వచ్చింది. మనిషి మాట్లాడ్తలేడు, జర మళ్ల చూడుండ్రి అని ఏడ్చింది. చూసిందే కదా అని నేను టీకి వెళ్లాను.
తిరిగొచ్చేసరికి భానుప్రియ అదే స్లైడ్‌కి ఆయిల్ వేసి కూర్చుంది. అక్కా, జర చూడు అంది. చూశాను. ఎర్రకణాల్లో సన్నటి ఉంగరాల్లా మలేరియా పురుగులు, ఎక్కడికి జరిపితే అక్కడ. పొద్దున కూడా అక్కడే ఉండి ఉంటాయి.
అప్పుడు కూడా నాకు ముందు దశరథ గుర్తు రాలేదు. ఇవి ఈమెకే ఎందుకు కనబడాలి అనిపించింది. సిగ్గేస్తోంది, కానీ అదే నిజం.

జులై 20
దశరథను దవాఖానలో చేర్చారు. డాక్టర్ గారు పిలిస్తే ఉద్యోగం పోయిందనుకున్నాను. మెచ్చుకున్నారు. అక్కకే అనుమానమొచ్చి మళ్ల చూడమన్నది అని భానుప్రియ చెప్పిందట. ఎల్బీ నగర్ మీరే చూసుకోండమ్మా అన్నారు.
నేను కాదనలేదు.
ఎవరు చెప్పమన్నారు ఆమెను? ఇప్పుడు ఆ మంచితనం చూసి కూడా కుళ్లుకోవాలి.

జులై 23
దశరథ కోలుకుంటున్నాడు. సుమిత్రమ్మ స్వీట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. భానుప్రియ నవ్వి తర్వాతి స్లైడ్‌కి ఆయిల్ వేసింది.

ఆగస్టు 4
ఎల్బీ నగర్‌లో మొదటి రోజు. ప్రతి స్లైడ్‌కీ ఆయిల్ వేశాను. అన్నీ నెగెటివే. ఒక్క రిపోర్ట్ మీదా సంతకం పెట్టలేకపోయాను. స్లైడ్లన్నీ డబ్బాలో సర్దుకుని మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్‌కి వచ్చాను. భానుప్రియ వాటిని ఒక్కొక్కటీ మళ్లీ చూస్తోంది. నేను పక్కన నిలబడి ఉన్నాను.