ఫైనల్ లేని ఏడాది

తూర్పుగోదావరి జిల్లా, మలికిపురం మండలం, గుడిమెళ్ళంక కాపురస్తురాలిని, కీర్తిశేషులు గుబ్బల భీమరాజు గారి భార్యను, ప్రస్తుతం బహ్రెయిన్ దేశం మనామా పట్నం అద్లియాలో ఒక కెనడా వారి ఇంట్లో వంటా, ముసలాయన సేవా చేసుకుంటున్న నలభై ఏడేళ్ళ గుబ్బల నరసాయమ్మ అను నేను స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఏమనగా:

ఎల్లుండి ఆదివారం నాకు రొమ్ములో గడ్డ తీసే ఆపరేషన్. గడ్డ రొమ్ములో ఉంది, బుర్రలో లేదు. నా తెలివి పూర్తిగా ఉంది, ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించడం లేదు. నమూనా చెప్పిన సోమరాజు గారు మాత్రం వీలునామాలో తిట్లూ సొంత గోలా రాయకూడదన్నారు. ఆయన ఒకప్పుడు రాజోలులో దస్తావేజులు రాసే ప్లీడరు గుమాస్తా దగ్గర పనిచేసి, ఇప్పుడు సల్మాబాద్‌లో బళ్ళకు రంగులేస్తున్నారు. ఆయన మీద గౌరవంతో నంబర్లు వేశాను. మిగతాది నా ఇష్టం. నా తరఫున ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆయనకే అప్పగిస్తున్నాను.

1. నా చీరలు, రెండు దుప్పట్లు, కొత్త చెప్పులు మా ఊరి వీరమ్మకు చెందవలెను. ఆమె పోయిన నెలే ఇక్కడికి వచ్చి పనిలో కుదిరింది. నైటీలు రాయడం లేదు, అవి చిరుగులు.

2. నా పెట్టెలోని నీలం టోపీ మా పెద్దాయనకు, అనగా మేడమ్ గారి తండ్రికి చెందవలెను. అది మొదట ఆయనదే. ఈ ఏప్రిల్‌లో ఆయన దాన్ని చెత్తబుట్టలో పడేస్తే నేను తీసి ఉతికి దాచాను.

టోపీ సంగతి చెప్పాలంటే బేస్‌బాల్ సంగతి చెప్పాలి. అది మన బిళ్ళంగోడుకు డబ్బున్న చుట్టం. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు కర్రతో కొట్టి పరుగెత్తుతాడు, మూడు మూలలు చుట్టి మొదటి చోటికి వస్తే ఒక పాయింటు. పెద్దాయనది మాంట్రియల్. పక్షవాతం వచ్చాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. ఆయనకు ఫ్రెంచి, నాకు తెలుగు. అక్కడున్న రెండో కూతురు వాళ్ళ ఊరి జట్టు ఆటలు వీడియో టేపుల మీద పట్టి పోస్టులో పంపేది. ఆయనకు గంజి తాగిస్తూ పక్కన కూర్చోవడం నా డ్యూటీ. మొదట్లో డ్యూటీయే. తొంభై నాలుగు వేసవికి పిచ్చి అయి కూర్చుంది.

టేపులు మూడు వారాలు ఆలస్యంగా వచ్చేవి. అక్కడ ఎప్పుడో అయిపోయిన ఆటకు ఇక్కడ నేను వెంకన్నకు ముడుపు కట్టేదాన్ని. ఫోనులో, పేపర్లో ఏం తెలిసినా మా ముందు నోరు మెదపకూడదని మేడమ్‌తో ఒప్పందం. ఆ ఏడాది మా జట్టు అన్ని జట్లకన్నా పైన నిలబడింది. పెద్దాయన ఎడం చేత్తో నా భుజం మీద చరిచేవాడు, నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేదాన్ని. పెళ్ళయిన ఆరేళ్ళకే మా ఆయన పోయాడు, పిల్లలు లేరు. నావాళ్ళు అనుకున్నవాళ్ళు గెలవడం నేను అంతకుముందు చూడలేదు.

నడుమ ఆగిపోయి, ఇప్పుడు మళ్ళీ ఆడుతున్నారు. ఈ ఏప్రిల్‌లోనే మంచి ఆటగాళ్ళు నలుగురినీ వదిలించుకున్న జట్టది, చూడనని ఒట్టేసుకున్నాను. పెద్దాయన చూస్తుంటే అదే గదిలో బట్టలు మడతపెడతాను, అంతే.

3. మేడమ్ గారికి ఏమీ రాయడం లేదు.

పోయిన ఏడు శ్రావణంలో నాకు సెలవు. మా ఊళ్ళో నా ఇంటి గృహప్రవేశానికి ముహూర్తం కూడా అప్పుడే. కానీ జట్టు ఆ ఊపులో ఉంటే అక్టోబరులో ఫైనల్ ఆడటం ఖాయమనిపించింది. పెద్దాయన నా చెయ్యి వదల్లేదు. నాకూ ఉండాలనే ఉంది. ఒక్కసారి చివరిదాకా ఉండి చూద్దామని, ముహూర్తం కార్తీకానికి జరపమని మా తమ్ముడికి ఫోన్ చేసి, సెలవు మార్చుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

నేను సెలవు మార్పించుకునే రోజుకే అక్కడ ఆటగాళ్ళు సమ్మెకు దిగి ఆట ఆగిపోయింది. మేడమ్‌కు తెలుసు. పేపర్లు మా కంట పడకుండా దాచింది. ఒప్పందం ప్రకారం నోరు మూసుకున్నానని తర్వాత చెప్పింది. మాట కోసం మూసుకుందో, పనిమనిషి వెళ్ళిపోతే ముసలాయన్ని ఎవరు ఎత్తుతారని మూసుకుందో ఆవిడకే తెలియాలి. ఉన్న టేపులన్నీ అయిపోయాక, ఈ ఏడు ఇక ఫైనల్ లేదు నర్సా అని తాపీగా చెప్పి కాఫీ పెట్టమంది. పెట్టాను.

సమ్మెలో తప్పెవరిదో నాకు తెలియదు. నేను సమ్మె చేస్తే నా వీసా చేతిలో ఉన్న కఫీల్ మర్నాడే విమానం ఎక్కిస్తాడు, అంతే తెలుసు.

4. ఆ ఏడాది ఆటల టేపులు మొత్తం, అట్టపెట్టెతో సహా, నా తమ్ముడు పితాని వీరబాబుకు చెందవలెను. అవి మన దేశపు వీసీఆర్‌లో ఆడవని సోమరాజు గారు అన్నారు. ఆడకపోయినా వాడికే.

కార్తీకం దాకా ఆగమంటే, "అలాగేనక్కా, నువ్వు లేకుండా గృహప్రవేశం ఏంటి" అన్నాడు వాడు. నేను సగం మాటలో ఉండగానే ఫోను పెట్టేశాడు. ఫైనల్ లేదని తెలిసిన వారమే కవరులో ఫోటో వచ్చింది. గుమ్మానికి మావిడాకులు, పట్టుపంచె కట్టుకుని వాడు, పక్కన పాలరాతి పలక మీద "వీరబాబు నిలయం". ముహూర్తం దాటిపోతే అరిష్టమన్నారని వెనకాల రెండు ముక్కలు రాశాడు. ఆ కార్తీకానికీ వెళ్ళలేదు, ఇప్పటిదాకా ఆ ఊరి ముఖం చూడలేదు.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ముందున్నవాడు ఒక మూల ముందుకు జరగడం కోసం వెనకవాడు బంతిని ఊరికే తాకించి కావాలని తను అవుటైపోతాడు. మొదటిసారి చూసి, ఈ దద్దమ్మ ఎవడు అనుకున్నాను. పెద్దాయన గంజి గిన్నె, స్పూను, ఉప్పు సీసా కదిపి అర్థమయ్యేలా చెప్పాడు. పదేళ్ళుగా నేను చేస్తున్నది అదే. తమ్ముడి చదువూ, వాడి పెళ్ళీ, ఆ ఇంటి గోడలూ అన్నీ నా రెక్కల మీదే జరిగాయి. కాకపోతే అక్కడ అలా అవుటై వచ్చినవాణ్ణి అందరూ లేచి నిలబడి వీపు తడతారు. మా ఇంట్లో రాయి మీద పేరు చెక్కడానికి కూడా నేను పనికిరాలేదు.

5. నేను పోతే ఇక్కడే దహనం చేయించవలెను. పెట్టెలో పెట్టి పంపవద్దు. నన్ను ఆ గుమ్మం ముందు దించి వాడు పదిమందిలో గుండెలు బాదుకోవడం నాకు ఇష్టం లేదు.

6. గుడిమెళ్ళంకలో తూర్పున పంటకాలువ, పడమట పంచాయతీ రోడ్డు, ఉత్తరాన కొబ్బరితోట, దక్షిణాన వీరమ్మ వాళ్ళ దొడ్డి హద్దులుగా గల స్థలం నా స్వార్జితం, నా పేరనే రిజిస్టరై ఉంది. ఆ స్థలమూ, అందులోని శ్లాబు ఇల్లూ ఎవరికి పోవాలన్నది ఒక్కటే ఈ కాగితానికి అసలు కారణం. అనాథాశ్రమానికి రాద్దామనుకున్నాను. పోయిన నెలదాకా అదే నిర్ణయం.

వీరమ్మ వచ్చి చెప్పింది. గృహప్రవేశం నాడు పాలు పొంగించమంటే నా మరదలు, వీరబాబు పెళ్ళాం సాయికుమారి పొయ్యి దగ్గరికి రానందట. "కట్టినావిడ రాకుండా నేను ముట్టించనండి. మా వదిన గారు రావాలి" అన్నదట. బంధువుల ముందే వాడు చెంప మీద కొట్టాడట. అయినా కదల్లేదు. ఎవరో పేరంటాలి చేత పాలు పొంగించుకున్నారు. సాయికుమారి ఇప్పటికీ ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. వెనకాల తాటాకు పాకలోనే వండుతోంది, అక్కడే పడుకుంటోంది. మొన్న గాలివానకు కప్పు లేచిపోతే కొత్త ఆకు కప్పించుకుంది గానీ లోపలికి వెళ్ళలేదట. ఫోటోలో ఆ పిల్ల లేకపోతే వంటల్లో ఉందనుకుని నేను మొగుడితో పాటు కలిపి తిట్టాను.

కావున సదరు స్థలమూ ఇల్లూ సర్వహక్కులతో పితాని సాయికుమారికి చెందవలెను. ఆమె దాన్ని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నా తమ్ముడు ఆమె ఉండనిచ్చినన్నాళ్ళు ఉండవచ్చు. పాలరాతి పలక సోమరాజు గారు దగ్గరుండి పీకించవలెను.

నేను బతికి బయటపడితే ఈ కాగితం చించేసి, టికెట్టు కొనుక్కుని వస్తాను. మేమిద్దరం కలిసి లోపలికి వెళ్తాం. రాకపోతే నా కోసం ఆగొద్దమ్మా, సాయికుమారీ. ఒకళ్ళ కోసం ఆగి కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. కబురు అందిన రోజు వర్జ్యమూ మైలా చూసుకోకు. కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళు.

ఇది నా సమ్మతిన రాసుకున్నది. 1995 జూన్ 16, శుక్రవారం, అద్లియా.

(సంతకం) గుబ్బల నరసాయమ్మ

సాక్షులు:
1. సోమరాజు, సల్మాబాద్ (సంతకం)
2. వీరమ్మ, గుడిమెళ్ళంక (ఎడమచేతి వేలిముద్ర)