జీడిపూల మీద గీత

కంచిలి,
ఏప్రిల్ 14.

యామినికి బావ ఆశీస్సులు.

ఇక్కడ అమ్మా నేనూ తోటా ఉన్నచోటే ఉన్నాం. అస్సాం మిలటరీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటాను.

అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. నూనె రాసుకుంటూ నన్ను తిడుతోంది, కాబట్టి తగ్గినట్టే. జీడిపిక్కలు ఈ ఏడు ఆలస్యంగా రాలుతున్నాయి.

"నాన్న చెక్కిన పువ్వులు ఎలా ఉన్నాయి?" అని కూడా రాశావు. మావయ్య విశాఖ తుపాకుల దుకాణంలో పనిచేసిన రోజుల్లో నా రివాల్వర్ మీద చెక్కిన జీడిపూలు కదా! ఎలుగుల భయానికి తోటకి వెళ్ళేటప్పుడల్లా దాన్ని నడుముకి కట్టుకుంటాను. చెమటా ఉప్పుగాలీ ఇనుముని తినేస్తాయి. అందుకే ఇంటికి రాగానే తూటాలు తీసి, నీ పాత నూలుచీర ముక్కతో తుడిచి, రేకుల సందుల్లో మెత్తటి కుంచెతో పలచగా నూనె రాస్తాను. తోలు సంచికి చెమ్మ పడుతుందని మావయ్య అనేవాడు, అందులో ఉంచడం మానేశాను. ఆ చీరలో నీ వాసన ఎప్పుడో పోయింది. అయినా పారెయ్యలేను.

గుత్తులన్నీ ఒక పక్కకే వంచి చెక్కాడేమిటా అనుకునేవాణ్ణి. మొన్న సముద్రపు గాలికి తోటంతా అలాగే వంగి ఉంది. చాలాసేపు నిలబడిపోయాను. నువ్వు పక్కన ఉంటే బాగుండేది.

ఒక గుత్తికి అడ్డంగా గీత పడింది. విశాఖ తీసుకెళ్తే దుకాణదారు, "సానపట్టేస్తే కొత్తదానిలా మెరుస్తుందండి," అన్నాడు.

"మరి పువ్వులో?"

"అవి కాస్త అరుగుతాయండి."

తిరిగి పట్టుకొచ్చేశాను. దారిలో టెక్కలిలో దిగి మీ అమ్మకి చూపించాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, బొటనవేలితో పువ్వుల్ని తడిమింది.

"గీత ఉండనీ బాబూ. దాన్ని గీకితే మీ మావ సెయ్యి కూడా పోద్ది," అంది. తర్వాత నా చొక్కా పక్కకి లాగి చూసింది. "ఇనప ముక్కకి దెబ్బ తగిలిందని ఇంత దూరం తెచ్చి సూపించేవు. మరి ఈ కట్టేటి? యామినికి సెప్పేవా?"

చెప్పలేదు. ఫోనులో నీ గొంతు వింటే నోరు రాలేదు. ఉగాది వెళ్ళాక తోటలో పిల్లతో ఉన్న ఎలుగు మీదికొచ్చింది. దాన్ని కాల్చబుద్ధి కాలేదు, గాల్లోకి పేల్చాను. పిల్ల పరిగెత్తింది గానీ తల్లి ఆగలేదు. ఎడమ భుజం మీద పంజా వేసింది. నేను పడ్డాను, రివాల్వర్ రాళ్ళ మీద పడింది. మన తోట చూసే బైరాగి డబ్బా వాయిస్తూ, "లెగు బాబూ, లెగు!" అని అరుస్తూ వచ్చాడు. ఎలుగు వెళ్ళిపోయింది.

పలాస ఆసుపత్రిలో కుట్లు వేశారు. చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు, మెల్లగా లేస్తుందంటున్నారు. నర్సమ్మ కట్టు మారుస్తుంటే కళ్ళు మూసుకుని అవి నీ చేతులే అనుకున్నాను.

నా కోసం సెలవు పెట్టొద్దని ప్రతిసారీ నేనే రాసేవాణ్ణి. ఈసారి ఆ మాట రాయలేను. నిన్ను చూడాలని ఉంది. రా, యామినీ.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
బావ మోహన్