ఎర్ర రంగు పూసిన గేరు

పూజ్యులైన మామయ్యగారికి,

మీ మేనల్లుడు నమస్కరించి రాసేది. మేమంతా క్షేమం. మీరూ అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నాన్నగారు పెట్టిన మన గేర్ల కంపెనీకి వచ్చే నెలతో యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ సందర్భంగా కంపెనీ చరిత్ర పుస్తకంగా వేయిస్తున్నాం. దానికోసం కుదుర్చుకున్న రచయిత పాత షెడ్డంతా గాలించి, ఎర్ర రంగు పూసిన ఒక గేరును బయటికి తీశారు. నాన్నగారు స్వహస్తాలతో చేసిన మొట్టమొదటి గేరు అదేనని తేల్చారు. ఎరుపు ఉదయసూర్యుడి రంగు కదా, కంపెనీ ఉదయించిందనడానికి గుర్తుగా పూశారట. పుస్తకం అట్ట మీద దాని బొమ్మే వేస్తున్నాం. మొదటి రోజు నుంచీ నాన్నగారితో పనిచేసినవారిలో ఇప్పుడు మీరొక్కరే మిగిలారు. "అవును, ఇదే" అని రెండు ముక్కలు రాసి పంపగలరు.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: రెండు ముక్కలంటే రెండే. మీ సంగతి తెలుసు కనక చెబుతున్నాను.

*

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. నా మోకాళ్ళు తప్ప అన్నీ క్షేమం.

ఒరేయ్, ఇరవై ఏళ్ళుగా గేర్ల కంపెనీ ఏలుతున్నావు. ఎర్ర రంగు ఎందుకు పూస్తారో తెలీదా? ఎప్పుడైనా మిషన్ల దగ్గరికి దిగావా, చల్లటి గదిలో కూర్చుని అద్దంలోంచి చూడడమేనా? పనికిరాని పీసుకి ఎర్ర రంగు పూస్తారు, పొరపాటున కూడా ఎవరి బండిలోకీ వెళ్ళకుండా. నీ ఉదయసూర్యుడు తుక్కులోకి పోవలసిన సరుకు.

దానికి ఒక పన్ను లావు, పక్కది సన్నం. అప్పట్లో ఒక్కో పన్నే కోసేవాళ్ళం. పళ్ళన్నీ సమంగా రావాలంటే ప్రతి పన్నుకీ పిడి తిప్పి, మిషన్‌కున్న చిల్లుల పళ్ళెంలో చిల్లులు లెక్కపెట్టుకోవాలి. మీ నాన్న లెక్క తప్పాడు. మీ అమ్మ పట్టుకుని ఎర్ర రంగు పూసింది. తనిఖీ బల్ల దగ్గర కూర్చునేది మా అక్కే. ప్రతి గేరునీ ఒక మంచి గేరుతో జత చేసి, తిప్పి, చెవి ఒగ్గి వినేది. ఆవిడ సరేననకుండా ఒక్క పీసు గడప దాటలేదు. కంపెనీకి పేరొచ్చింది ఆ చెవి వల్ల. అది రాయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య

తా.క.: ఆ రచయిత ఇంతకుముందు సబ్బులకి ప్రకటనలు రాసేవాడా?

*

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి మా కళ్ళు చెమర్చాయి. రచయిత వెంటనే పుస్తకంలోకి ఎక్కించారు: "భర్త తొలి సృష్టికి ఇల్లాలు తన చేత్తో రంగు అద్దిన అపురూప ఘట్టం." లావు పన్ను సంగతి ఆయనకి మరీ నచ్చింది. అందరిలోకీ ఒక మెట్టు పైనుండే నాయకుడికి అది ప్రతీకట. అందుకని గేటు దగ్గర ఆ గేరునే పదడుగుల ఎత్తున సిమెంటుతో కట్టిస్తున్నాం. లావు పన్ను ఇంకాస్త లావుగా చెయ్యమన్నాను.

అమ్మ గురించీ రాయించాను, నలభై ఆరో పేజీలో. "పనివారందరికీ కన్నతల్లిలా టీ అందించేది" అని.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: సబ్బులు కాదు, తలనూనెలు.

*

చిరంజీవి మేనల్లుడికి,

దీవెనలు, పళ్ళు కొరుకుతూ.

టీయా? ఆ షెడ్డులో టీ పెట్టింది మీ నాన్న! మా అక్క పెట్టిన టీ కుక్క కూడా ముట్టదు. ఆవిడకి వచ్చింది ఒక్కటే పని, గేరు వినడం. దాన్ని వదిలేసి, రానిదాన్ని పొగుడుతున్నావు.

పన్ను లావైతే గేరుబాక్సు కూస్తుంది. ఆ బండి తోలేవాడు మనల్ని తిడతాడు. అందుకే మీ అమ్మ ఆ గేరును తుక్కులో వెయ్యకుండా బల్ల మీదే ఉంచుకుంది. కొత్తగా చేరిన ప్రతివాడి చేతా తిప్పించి, ఆ కూత వినిపించేది. నువ్వేమో దాన్ని గేటు దగ్గర పదడుగులు చేసి నిలబెడుతున్నావు. గేర్లు కొనడానికి వచ్చే ఇంజనీర్లు కళ్ళు ఇంట్లో పెట్టి వస్తారనుకున్నావా?

మా అక్క పోయి పదకొండేళ్ళైంది. ఈ పుస్తకంలో లేకపోతే ఇక ఆవిడ ఎక్కడా ఉండదు. అందుకే ఇంత రాస్తున్నాను.

మీ మామయ్య

తా.క.: తలనూనె అన్నావు కదా, అందుకే జారిపోతున్నాడు.

*

పూజ్యులైన మామయ్యగారికి,

నమస్కారాలు. నొప్పించి ఉంటే క్షమించండి. మీ ఉత్తరం డైరెక్టర్ల ముందు పెట్టాను. స్థాపకులు తప్పు చేశారని కంపెనీయే అచ్చు వేసుకోవడం కుదరదన్నారు. తప్పే లేనప్పుడు దాన్ని పట్టుకున్నవారూ ఉండరు కదా, కాబట్టి అమ్మ తనిఖీ సంగతీ వెయ్యొద్దన్నారు. శుక్రవారం పుస్తకం అచ్చుకి వెళుతోంది.

ఆ గేరును నాన్నగారు కాక ఇంకెవరైనా కోసి ఉంటే అభ్యంతరం లేదట. కానీ ఆ రోజుల్లో మిషన్ మీద ఆయన కాక ఇంకెవరున్నారు?

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: లావు పన్ను ఏదో తేల్చడానికి డైరెక్టర్లు ఏడుగురూ గంటసేపు గేరును తిప్పి తిప్పి చూశారు. ముగ్గురు మూడు వేరు వేరు పళ్ళు చూపించారు.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఇంకెవరున్నారని అడిగావు. నేనున్నాను.

ఆ గేరు కోసింది నేను. మీ అత్తయ్యతో నాకు అప్పుడే సంబంధం మాట్లాడారు. ఆ రోజు తను షెడ్డుకి వచ్చింది. నన్నే చూస్తోందనుకుని, వెనక్కి వాలి, ఒంటి చేత్తో పిడి తిప్పుతూ, ఈల వేస్తూ కోశాను. చిల్లుల లెక్క గాలికి పోయింది. అక్క గేరును తిప్పి, విని, బ్రష్షు అందుకుంది. "నీ తమ్ముణ్ణి కదక్కా, ఈ ఒక్కటీ వదిలెయ్యి" అని బతిమాలాను. "నువ్వు నా తమ్ముడివని గేరుకి తెలీదురా" అంది. ఆరు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. భోజనం మాత్రం వాళ్ళింట్లోనే.

పైగా బావే కోశాడని అందరికీ చెప్పాను. ఆయన అవునని తలూపాడు. ఆ అబద్ధాన్ని యాభై ఏళ్ళు మోసి, మొన్న నీకూ రాశాను. నీ రచయితని తిట్టినవన్నీ నాకే వర్తిస్తాయి. అతను తెలియక రాశాడు, నేను తెలిసి చెప్పాను.

ఇదిగో, సంతకం పెట్టి పంపుతున్నాను. తప్పు చేసింది తమ్ముడు, పట్టుకుంది అక్క, నింద మోసింది బావ. ఈ వరసలోనే వేయించు. సిగ్గుతో చస్తున్నాను, అయినా వేయించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య

తా.క.: ఈ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "ఆ రోజు మిమ్మల్నెవరు చూశారండీ? తనిఖీ పని నేర్పమని మీ అక్కని అడగడానికి వచ్చాను. ఆ ఈల వేస్తున్నదెవరా అని విసుక్కున్నాను కూడా" అంది.